టాపు మీది రాడ్లు

లాల్‌బజార్, తిరుమలగిరి,
సికింద్రాబాద్.

చిరంజీవి బుజ్జికి,

  

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. ఫోనులో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటావు, పెట్టేయగానే సగం మర్చిపోతావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. చదివాక దీన్ని బండి డ్యాష్‌బోర్డు అరలో పడెయ్యి. మెకానిక్కు ముందు నిలబడ్డప్పుడు తీసి చూసుకోవచ్చు.

నీ గోడు ఇదీ. పాత స్టేషన్ వ్యాగన్ కొన్నావు. టాపు మీద రెండు పక్కలా ఉన్న రాడ్లు పెచ్చులూడి వికారంగా ఉన్నాయి. మొన్నటి అకాల వర్షానికి వెనక సీటు మీద నీళ్లు కారి పోచంపల్లి చీరల మూట తడిసింది. హనుమకొండలో మెకానిక్కును అడిగితే, గ్రైండర్‌తో అరగంటలో కోసేసి, లప్పం పెట్టి రంగు కొట్టి ఇస్తానన్నాడు. పీకించేయనా అని అడుగుతున్నావు.

వద్దు. గ్రైండర్ అసలే వద్దు. రాడ్లు విప్పించు, వాటి కింద చిల్లులు బాగుచేయించు, మళ్లీ ఆ రాడ్లే బిగించు. ఎందుకు, ఎలా అన్నది మిగతా ఉత్తరమంతా.

నీళ్లు రాడ్డులోంచి రావు బిడ్డా. రాడ్డు కాళ్ల కింద టాపు రేకుకి ఉన్న చిల్లుల్లోంచి వస్తాయి. ఎన్ని కాళ్లుంటే కనీసం అన్ని చిల్లులు.  రాడ్డు పోయినా చిల్లు అక్కడే ఉంటుంది, దాని అంచున పట్టిన తుప్పూ అక్కడే ఉంటుంది. దాని మీద లప్పం పెట్టి రంగు కొడితే ఒక వేసవి ఆగుతుందేమో. ఆ లోపల తుప్పు రేకుని తింటూనే ఉంటుంది. లప్పం గట్టి సరుకు, వంగదు. రేకు ఎండకి సాగి, రాత్రికి ముడుచుకుంటుంటే అంచులో వెంట్రుకంత పగులు ఇస్తుంది. వానకి ఆ పగులు చాలు.

ఇంకో సంగతి. మా రోజుల్లో కారు టాపుకి చిల్లు పెట్టడమన్న మాటే లేదు. అంబాసిడర్ చూశావు కదా, తలుపుల పైన టాపు అంచు పొడుగునా సన్నటి కాలవ ఉంటుంది. వాన నీళ్లు తలుపు తీసినవాడి నెత్తిన పడకుండా పక్కకు పోవడానికి పెట్టిన ఏర్పాటు అది. క్యారియర్ కొక్కేలు ఆ అంచుకే తగిలించి చెవుల నట్లతో బిగించేవాళ్లు. పెళ్లికి పరుపులూ ట్రంకు పెట్టెలూ కట్టుకుని పోయి, తిరిగొచ్చాక విప్పి అటక మీద పడేసేవాళ్లు. పద్మిని కారుకీ అదే పద్ధతి. తర్వాత తర్వాత కార్లు గాలికి జారేలా నున్నగా తయారయ్యాయి, ఆ కాలవలు పోయాయి. కొక్కెం తగిలించే చోటు లేకపోయేసరికి కంపెనీలే టాపుకి చిల్లులు పెట్టి, లోపల నట్లు బిగించి, మధ్యలో రబ్బరో స్పాంజో గాస్కెట్ వేసి రాడ్లు అమర్చి ఇవ్వడం మొదలైంది. బయటికి కనపడేది రాడ్డు. వానని ఆపేది మాత్రం ఆ గాస్కెట్. ఇన్నేళ్ల ఎండకి అది బిస్కెట్టులా పొడైపోయి ఉంటుంది.

గాస్కెట్ ఎందుకు చస్తుందో కూడా చెబుతాను, మా తిరుమలగిరి మేడ మీద మే నెలలో కాలు పెట్టినవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. నీ రాడ్డు మీద తెల్లటి పిండిలాంటిది పట్టింది, అది అల్యూమినియానికి పట్టే తుప్పు. అంటే రాడ్డు అల్యూమినియం. టాపు ఇనుప రేకు. వేడికి అల్యూమినియం ఇనుముకి దాదాపు రెట్టింపు సాగుతుంది. తెల్లవారుజామున 20 డిగ్రీలున్న టాపు ఎండలో 60 దాటిందనుకో, సుమారు 1.8 మీటర్ల రాడ్డు కింది రేకు కన్నా ముప్పాతిక మిల్లీమీటరు ఎక్కువ పొడుగవుతుంది. రోజూ అంత మేర రాడ్డు కాళ్లు గాస్కెట్‌ని రుద్దుతాయి. పది పదిహేనేళ్లు రుద్దాక అది మిగలదు. పైగా అల్యూమినియం, ఇనుము, మధ్యలో చెమ్మ, ఈ మూడూ కలిస్తే ఒక లోహం ఇంకోదాన్ని తినేస్తుంది. రాడ్డు కాళ్లు తెల్లగా కనపడటం అందుకే.

ఇంతకీ నీళ్లు రాడ్ల దగ్గరి నుంచే వస్తున్నాయని ఎవరు చెప్పారు నీకు? ఫోటోలో నువ్వు చూపించిన మరక వెనక సీటు పైన ఉంది. మరక ఎక్కడుందో చిల్లు అక్కడే ఉండాలని లేదు. టాపు రేకు కింద పొడుగునా, అడ్డంగా ఇనుప పట్టీలు వేసి ఉంటాయి. నీళ్లు ముందు కాలి దగ్గర దిగి, ఆ పట్టీల వెంట పాక్కుంటూ వచ్చి వెనక ఎక్కడో చినుకుతాయి. బండిని ఎత్తు పల్లం ఉన్న చోట ఆపితే మరక చోటు మారుతుంది.

అందుకే విప్పేముందు ఒక పూట ఈ పని చెయ్యి. ఎండలో తలుపులన్నీ తీసి బండి లోపల పూర్తిగా ఆరనివ్వు. తలుపు పైన బీడింగు రబ్బరు కాస్త లాగితే టాపు లైనింగ్ అంచు వదులవుతుంది, అక్కడి నుంచి టార్చి వేసి పైకి చూడొచ్చు. లోపల పాత పేపరు ముక్కలు పరిచి నువ్వు టార్చితో కూర్చో. మీ తమ్ముణ్ణి బయట మగ్గుతో నీళ్లు పొయ్యమను. పైపు, ప్రెషర్ వద్దు, అలా కొడితే మామూలు వానకి కారని చోట కూడా కారుతుంది. ముందు కింది నుంచి మొదలుపెట్టాలి: వెనక అద్దం అంచు, డిక్కీ తలుపు కీళ్లు, తర్వాత పక్క అద్దాలు, తర్వాత యాంటెన్నా కాలు, ముందు అద్దం పై అంచు, ఆఖరున రాడ్ల కాళ్లు ఒక్కొక్కటీ. ఒక్కో చోటా ఐదు నిమిషాలైనా ఓపికగా పొయ్యాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదా కారి ఏది దొంగో తెలియదు.

వ్యాగన్లలో ఇంకో మాయ ఉంది, చాలామంది మెకానిక్కులకు కూడా తట్టదు. వెనక అద్దం కడగడానికి వైపర్‌తో పాటు నీళ్ల చిమ్ము ఉంటుంది కదా. దాని సన్నటి పైపు ముందు ట్యాంకు నుంచి బండి లోపలి గుండానే వెనకదాకా వస్తుంది. చాలా బండ్లలో టాపు లైనింగ్ పైన నుంచి పోతుంది. ఏ అతుకో వదిలిందంటే నువ్వు వెనక అద్దం కడిగిన ప్రతిసారీ లైనింగ్ తడుస్తుంది, నింద వాన మీద పడుతుంది. వాన లేని రోజు ఆ స్విచ్చి నొక్కి చూడు. అప్పుడూ తడిస్తే నీ రాడ్లు నిర్దోషులు. పైపు అతుకు సరిచేస్తే చాలు.

రాడ్ల కాళ్లే అని తేలితే విప్పే సంగతి చూద్దాం.

రాడ్డు చివర్లకి ప్లాస్టిక్ మూతలుంటాయి. బోల్టులు వాటి కింద దాక్కుంటాయి. కొన్ని బండ్లలో లోపల లైనింగ్ దించి కింది నుంచి నట్లు విప్పాలి. నీ బండి ఏ రకమో మూత తీశాక తెలుస్తుంది. ఎండకి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది కాబట్టి ఊరికే స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే విరుగుతుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఒకటి రెండు నిమిషాలు వెచ్చబెట్టి, పాత ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా లేపాలి. చుట్టూ టాపు రంగు మీద కాగితం టేపు అంటించుకో, గీతలు పడవు. ఆ మూతలు మళ్లీ దొరకవు, పోగొట్టకు. మన దేశంలో వ్యాగన్ ఎప్పుడూ సరిగ్గా అమ్ముడుపోలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, తర్వాత బలెనో ఆల్టురా, 2004లో ఇండిగో మెరీనా, ఆ రోజుల్లోనే ఆక్టేవియా కాంబి. అన్నీ మంచి బండ్లే. మన జనం మాత్రం డిక్కీ విడిగా వెనక్కి పొడుచుకొస్తేనే కారు అనుకున్నారు. 2012లో ఎర్టిగా, డస్టర్ వచ్చాక వ్యాగన్ మాట ఎత్తేవాళ్లే తగ్గిపోయారు. తక్కువ అమ్మినవాటికి విడిభాగాలు తక్కువ. ఆ మెకానిక్కు అరగంటలో కోసి పడేసే రాడ్డు నీకు మళ్లీ ఏ తుక్కు దుకాణంలో దొరకాలి?

మూత తీశాక బోల్టు తల చూడు. మామూలు ఆరు పలకల తలైతే బాక్సు స్పానర్ సరిపోతుంది. నక్షత్రంలా గుంట ఉంటే టార్క్స్ బిట్టు కావాలి, సరిగ్గా ఆ సైజుదే. దగ్గరి సైజు పెట్టి తిప్పితే గుంట గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తర్వాత అసలు గొడవ మొదలవుతుంది. గుంటలో మట్టిని సూదితో గీకి తీశాకే బిట్టు పెట్టాలి. ముందు రోజు రాత్రి ప్రతి బోల్టు మొదట్లో తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వెయ్యి. పొద్దున మళ్లీ వెయ్యి. తర్వాత ముందు బిగించే వైపు కాస్త కదిలించి, అప్పుడు విప్పే వైపు తిప్పు. కిర్రుమని కదిలితే సగం చుట్టు విప్పి, పావు చుట్టు బిగించి, మళ్లీ సగం విప్పుతూ రావాలి. ఏకబిగిన తిప్పితే బోల్టు మెడ తెగుతుంది.

నట్టు కూడా బోల్టుతో పాటు తిరుగుతోందనుకో, అంటే లోపల రేకుకి నొక్కి పట్టించిన రివెట్ నట్టు పట్టు వదిలేసింది. ఇక్కడే మెకానిక్కులు ఓపిక వదిలి గ్రైండర్ అందుకుంటారు. నేను సైన్యంలో బండ్లు బాగుచేసే ఇ.ఎం.ఇ. విభాగంలో చేరిన కొత్తలో శక్తిమాన్ లారీలూ జోంగాలూ విప్పేటప్పుడు మా ఉస్తాద్ ఒకటే చెప్పేవాడు: విప్పగలిగింది కొయ్యకు, కోస్తే రికార్డులో రాయి. నట్టు అంచుకీ రేకుకీ మధ్య సన్నటి స్క్రూడ్రైవరో విరిగిన హాక్సా బ్లేడు ముక్కో చొప్పించి అదిమిపట్టి తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. అలా రాకపోతే బోల్టు తల మధ్యలో పంచ్ కొట్టి, బోల్టు కాడ కన్నా కాస్త లావు బిట్టుతో తల ఒక్కటి డ్రిల్ చేసి ఊడగొట్టాలి. రాడ్డు పైకి లేచి వచ్చేస్తుంది, కింద మిగిలిన కాడని తర్వాత చూసుకోవచ్చు. ఇనుప రజను టాపు మీద వదిలేయకు. రాత్రి మంచుకి ఒక్కో రేణువూ తుప్పు చుక్కై రంగులో దిగుతుంది. అయస్కాంతం గుడ్డలో చుట్టి తుడిచెయ్యి.

గ్రైండర్ ఎందుకు వద్దంటున్నానో కూడా విను. ఆ రవ్వలు అద్దం మీద పడితే చల్లారాక కూడా పోవు, అద్దంలోకి కరిగి అతుక్కుంటాయి. వైపర్ తిప్పినప్పుడల్లా గరగరమంటుంది. చిల్లులోంచి ఒక్క రవ్వ లోపల పడిందా, లైనింగ్ స్పాంజి రాజుకుంటుంది.

ఒక జాగ్రత్త. నీది పాత బండి, పక్కల పరదాలా తెరుచుకునే ఎయిర్‌బ్యాగులు లేవు. రేపు ఎవరైనా స్నేహితులు కొత్త బండికి ఇదే పని చేస్తామంటే ఆపు. ఆ ఎయిర్‌బ్యాగులు సరిగ్గా ఈ రాడ్ల కిందే, లైనింగ్ వెనక చుట్టి ఉంటాయి. బ్యాటరీ తీసి, కంపెనీ పుస్తకం చెప్పినంతసేపు ఆగకుండా అక్కడ చెయ్యి పెట్టకూడదు. ఇంటి దగ్గర చేసే పని కాదది.

రాడ్లు కిందికి వచ్చాక టాపు చూసి భయపడకు. కాళ్ల కింద మచ్చలుంటాయి. పాత గాస్కెట్ బంక థిన్నర్ గుడ్డతో తుడిస్తే పోతుంది. తుప్పుని వైర్ బ్రష్‌తో కాకుండా ఎమిరీ పేపరుతో మెరిసే ఇనుము వచ్చేదాకా రుద్దించు. చిల్లు అంచు లోపలి వైపు కూడా, వేలికి పేపరు చుట్టి. తుప్పుని మార్చే ద్రవం పూసి ఆరాక ఎపాక్సీ ప్రైమర్, దాని మీద రంగు. రంగు ఆరకముందే బిగించమని తొందర పెట్టకు. ఒక రోజు బండి లేకుండా ఉండలేవా? రేకు చిల్లు అంచున వేలితో నొక్కితే అప్పడంలా విరిగిపోయే స్థితిలో ఉంటే మాత్రం ఆ చోట ముక్క వెల్డింగ్ చేయాలి. అది మంచి టింకరింగ్ చేతి పని. వేడికి సన్నటి రేకు వంకర పోతుంది, వెనక వైపు రంగు కాలిపోతుంది, అందుకని లైనింగ్ మొత్తం దించాల్సిందే. ఫోటోలు చూస్తే నీ టాపు అంతదాకా పోలేదనిపిస్తోంది.

పట్టు వదిలిన నట్ల చోట కొత్త రివెట్ నట్లు వేయించు. బోల్టులు స్టెయిన్‌లెస్‌వి తీసుకో. వాటి మరలకి కాస్త గ్రీజు రాయాలి, లేకపోతే అవీ పట్టేస్తాయి. ఇక గాస్కెట్. కంపెనీది దొరకదు. బ్యూటైల్ టేపు అని నల్లటి బంకపట్టీ దొరుకుతుంది, దాన్ని చిల్లు చుట్టూ చుట్టగా పెట్టి దాని మీద రాడ్డు కాలు నొక్కాలి. అది అంత తొందరగా గట్టిపడదు, రాడ్డు సాగినా ముడుచుకున్నా దానితో పాటే కదులుతుంది, రేపు మళ్లీ విప్పాలన్నా వస్తుంది. ఎపాక్సీ ముద్ద వద్దు. ట్యూబులో వచ్చే సిలికాన్ పూస్తానంటే ముందు వాసన చూడు. వెనిగర్ వాసన కొడితే వద్దను. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం ఇనుముని తింటుంది. కిటికీ అద్దాలకి బాగుంటుంది, కారు టాపుకి కాదు.

బిగించేటప్పుడు మెకానిక్కు బలం చూపిస్తాడు, చూపించనివ్వకు. అన్ని బోల్టులూ చేత్తో తిప్పి కుదిరాకే స్పానర్ పెట్టాలి. ఎం6 బోల్టుకి మామూలుగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. నీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ఖాయం. కొన్ని రాడ్లకి ఒక చివర బోల్టు చిల్లు కోలగా ఉంటుంది. అది తయారీ లోపమనుకుని వాషర్లతో పూడ్చకు, రాడ్డు సాగడానికి వదిలిన జాగా అది. అయిపోయాక మళ్లీ మగ్గుతో నీళ్ల పరీక్ష. లైనింగ్ పూర్తిగా ఎక్కించకముందే చేయాలి సుమా.

రాడ్ల అందం సంగతి రెండు ముక్కల్లో. కింద ఉన్నప్పుడే పెచ్చులన్నీ వాటర్ పేపరుతో నున్నగా తీయించి, అల్యూమినియానికి పట్టే ప్రైమర్ కొట్టించి, మెరుపు లేని నల్ల రంగు వేయించు. ప్రైమర్ లేకుండా వేస్తే మళ్లీ ఏడాదికి పెచ్చులే.

ఇంత చెప్పినా నీకు రాడ్లు వద్దే వద్దనిపిస్తే, అప్పుడైనా పద్ధతిగా తీయించు. విప్పడం, తుప్పు గీకడం, ప్రైమర్, రంగు అన్నీ పైన చెప్పినట్టే. ఆ తర్వాత ప్రతి చిల్లుకీ అంచున్న రబ్బరు బిరడా, దాని చుట్టూ పాలీయూరిథేన్ సీలెంట్. చూడ్డానికి టాపు మీద గుండ్రటి బొట్లు వరసగా ఉంటాయి. అవి కనపడకూడదంటే వెల్డింగ్, ఆపైన టాపు మొత్తం రంగు. ఎందుకంటే ఇన్నేళ్లు రాడ్డు నీడన ఉన్న రంగు కొత్తగా, మిగతాది వెలిసి ఉంటుంది. ఒక్క గీత వరకే కొడితే కలవదు. చూశావా, పీకించడం బాగుచేయించడం కన్నా పెద్ద పని. తేలికగా కనపడేది అరగంట గ్రైండర్ బేరం వల్లే.

పైగా నీకు రాడ్లు కావాలి. ఎగ్జిబిషన్లలో చీరల స్టాలు పెట్టడానికి స్టీలు పైపులు మోసుకెళ్తావు, అవి లోపల పడక ముందు సీటు మధ్యలోంచి దూర్చి గేరు పక్కన పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. హఠాత్తుగా బ్రేకు వేస్తే ఆ పైపు ఎటు పోతుంది? అవి టాపు మీద ఉండాల్సినవి. రెండు అడ్డ బద్దీలు కొను, రాడ్లకి సరిపడే బిగింపులున్నవి. రాడ్ల మీద నేరుగా తాడేసి కట్టకు. టాపు మోసే బరువు చాలా కార్లకి 50 నుంచి 75 కిలోల లోపే, అందులో అడ్డ బద్దీల బరువూ కలిసే ఉంటుంది. నీ బండి అంకె పుస్తకంలో చూడు. ఈ మధ్య కొన్ని బండ్లకి రాడ్లు ఉత్త అలంకారానికి పెడుతున్నారు, టేపుతోనో క్లిప్పులతోనో అంటించి. మోయనిదానికి మోసే వేషం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నీవి బోల్టులతో దిగినవి కాబట్టి పనికొస్తాయి, అయినా పుస్తకంలో చూశాకే బరువు వెయ్యి. మా ముందు నుంచి పోయే రాజీవ్ రహదారి మీద కొమురవెల్లి, సిద్దిపేట వైపు వెళ్లే కార్ల టాపుల మీద మంచాలూ కూలర్లూ చూస్తుంటాను. కట్టేది ఒట్టి తాడు, భారం దేవుడి మీద.

పని లేని రోజుల్లో అడ్డ బద్దీలు విప్పి ఇంట్లో పెట్టు. గాలికి అడ్డం వచ్చేవి అవే. 2016లో అమెరికాలో లారెన్స్ బర్క్లీ ప్రయోగశాల పరిశోధన ఒకటి వచ్చింది. ఆ దేశంలో టాపు మీది క్యారియర్ల వల్ల అదనంగా కాలే పెట్రోలు ఏడాదికి సుమారు 10 కోట్ల గ్యాలన్లని లెక్క తేల్చారు. అందులో ఖాళీగా తిరిగే క్యారియర్ల వాటా కూడా ఉంది. పక్క రాడ్లు పొడుగు వెంట ఉంటాయి కాబట్టి వాటితో అంత నష్టం లేదు.

మీ నాన్న ఆర్టీఏ సంగతి అడిగాడు. బండి నంబరు ఏపీ 10, అంటే సికింద్రాబాద్ ఆఫీసు పాత సిరీస్. ఆ ఆఫీసు ఇప్పుడు మా తిరుమలగిరిలోనే ఉంది, పొద్దున పూట అటు వెళ్తే ఫైళ్లు చంకన పెట్టుకున్న జనం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చినదానికీ ఆర్సీలో రాసినదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ముందు బంపరుకి బిగించే ఇనుప గార్డులు వద్దని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకి రాసిందీ ఈ సెక్షన్ కిందే. టాపు మీద రాడ్లు ఉన్నాయా లేవా అని రాసే గడి ఆర్సీలో లేదు, కాబట్టి కంపెనీ ఇచ్చిన రాడ్లని విప్పి బాగుచేసి బిగిస్తే ఎవరూ ఏమీ అనరు. రంగుకి మాత్రం గడి ఉంది. టాపు మొత్తం నల్లగా కొట్టిస్తే ముచ్చటగా ఉంటుందని అన్నావట, ఆ ముచ్చట తీర్చుకునేముందు ఆర్సీలో రంగు మార్పు రాయించుకోవాలి. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ ఉంటుంది, గ్రీన్ టాక్సు కడతారు, బండిని తీసుకెళ్లి చూపించాలి. ఆ రోజు టాపు మీద కోసిన రాడ్డు మొండి ముక్కలు వాడిగా పైకి పొడుచుకుని ఉంటే ఇన్‌స్పెక్టరు అడగడా? నీ ఆర్సీ మీద తేదీ ఎప్పటిదాకా ఉందో ఇవాళే తీసి చూడు, నువ్వు చెప్పలేదు.

హనుమకొండలో బ్యూటైల్ టేపు, రివెట్ నట్లు దొరక్కపోతే వెతుక్కుంటూ తిరగకు. ఆదివారం కాకుండా ఏదో ఒక రోజు ఇటు రా. పోచంపల్లి దారిలోనే కదా, సరుకు ఎత్తుకుని నేరుగా ఇక్కడికి వచ్చెయ్యి. రాణీగంజ్‌లో బోల్టులకీ నట్లకీ వీధులున్నాయి, నేను వెంట వస్తాను. పాత బోల్టు ఒకటి, పగిలిన గాస్కెట్ ముక్క ఒకటి కవర్లో వేసి తెచ్చుకో. మాటలతో సైజు చెబితే దుకాణంవాడు ఇంకేదో ఇస్తాడు. అప్పటిదాకా ఆ కాళ్ల చుట్టూ వాటర్‌ప్రూఫ్ టేపు అంటించి, చీరల మూట వెనక సీటు మీద కాకుండా ప్లాస్టిక్ పెట్టెలో పెట్టు. మెకానిక్కుకి మాత్రం ఈ రోజే ఫోను చేసి గ్రైండర్ పని వద్దని చెప్పు. జూన్ వానలు పడేలోపు పని అయిపోవాలి.



ఇట్లు,
మీ మామయ్య.